గోడకు మూడు మెమోలు

కథంతా ఒక పానా పోవడంతో మొదలైంది. అదేమంత గొప్ప పానా కాదు. పంతొమ్మిది నంబరుది, పిడికి ఎర్రదారం చుట్టి ఉండేది. ఆ దారం చుట్టింది పైడితల్లి.

పైడితల్లి కూర్మపేట పక్కనున్న ప్లాస్మా పరిశోధన కేంద్రంలో టెక్నీషియన్. డిప్లొమా చదువుకున్న పిల్ల. నలుగురి ముందు నోరు తెరవాలంటే ముందు చెవులు ఎర్రబడేవి, తరువాత గొంతు ఎండిపోయేది, మాట వచ్చేసరికి ఆ నలుగురూ వెళ్ళిపోయేవారు. అందుకని చెప్పాల్సినదంతా పనిపుస్తకంలో రాసి ఊరుకునేది.

ఆ కేంద్రంలో ఉన్నది ఒకే ఒక యంత్రం. గారెలా మధ్యన చిల్లు ఉన్న పెద్ద ఉక్కు గది. అందులోంచి గాలంతా లాగేసి, చిటికెడు హైడ్రోజన్ వదిలి, సూర్యుడి ఒంటి మీద కన్నా ఎక్కువ వేడి ఎక్కించేవారు. అప్పుడది రెప్పపాటు సేపు మండే మబ్బులా వెలిగేది. ఆ మబ్బు పేరే ప్లాస్మా. దాన్ని గోడకు తగలకుండా అయస్కాంతాలు పట్టి ఉంచుతాయి. ఎంత పట్టినా కొన్ని కణాలు జారిపోయి గోడకు తగులుతాయి, తగిలి చల్లారతాయి, చల్లారి మళ్ళీ లోపలికి వస్తాయి. ఊరికే వస్తే బాధ లేదు. మరుగుతున్న ఎసట్లో చెంబుతో చన్నీళ్ళు పోస్తే ఏమవుతుందో అదే అవుతుంది. వాటిని మళ్ళీ వేడెక్కించడానికే ఉన్న వేడంతా ఖర్చయిపోయేది.

పైడితల్లి పనల్లా ఆ గోడ. కొత్తకుండ నీళ్ళు పీల్చుకుంటుంది, నానిన కుండ కారుస్తుంది. గోడా అంతే. దానికి వేడి పట్టీలు చుట్టి రెండు పగళ్ళూ రెండు రాత్రులూ కాల్చి, లోపల ఇంకిన వాయువులన్నీ వెళ్ళగొట్టి, ఆపైన లిథియం అనే మెత్తటి లోహాన్ని పొగమంచంత పలచగా పూత పూస్తే, గోడ మళ్ళీ కొత్తకుండ అవుతుంది. తగిలిన కణాన్ని తనలోనే దాచుకుంటుంది. నాలుగేళ్ళుగా పైడితల్లి ఆ గోడను కాలుస్తూ, తుడుస్తూ, పూస్తూ ఉంది. ఇంటి దగ్గర వాళ్ళ నాన్న మాత్రం పిల్ల గ్యాసు కంపెనీలో చేస్తోందని ఊళ్ళో చెప్పుకునేవాడు.

కార్తీకమాసంలో సమీక్షా సంఘం వస్తుందని కబురు వచ్చింది. యంత్రంలో వేడి పది మిల్లీసెకన్లు నిలవాలి, అంటే సెకనులో వందో వంతు. నిలిస్తే యంత్రం ఉంటుంది. నిలవకపోతే విప్పేసి, ఆ ఉక్కు గారెను పట్నంలోని పార్కులో ఫౌంటెన్ చేస్తారు. అప్పటికే ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని వచ్చి కొలుచుకుని వెళ్ళారు. "మధ్యలో ఏనుగు బొమ్మ పడతాదిరా" అని వాళ్ళలో ఒకడు అనడం పైడితల్లి చెవిన పడింది. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కేంద్రానికి కొత్త ముఖ్య పరిపాలనాధికారిగా త్రివిక్రమరావుగారు వచ్చారు. వచ్చిన రోజునే పానా పోయింది. గది గది వెతికారు. గేటు దాటి పోయిందని తేల్చారు. మర్నాడు పొద్దున్నే ఉత్తర్వు అంటించారు.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా, కేంద్రమునందు ఒక స్థానమును విడిచి వెళ్ళు వస్తువులు, వ్యక్తులు మొదలగునవి విధిగా అదే స్థానమునకు తిరిగి రావలెను. రానియెడల సదరు స్థానమునకు బాధ్యులైనవారు లిఖితపూర్వక సంజాయిషీ సమర్పించవలెను."

'మొదలగునవి' లేకుండా ఆయన కాగితం మీద సంతకం పెట్టేవారు కాదు. ఏది ఎక్కడ తప్పించుకుంటుందో అని ఆయనకు బెంగ.

ఉత్తర్వు అమలు కాసాగింది. టీ తాగి పారేసిన కాగితపు కప్పులు కాంటీనుకు తిరిగి వచ్చాయి. వాటిని పెట్టడానికి చోటు లేక కాంటీనువాడు పొయ్యి బయటికి మార్చాడు. పొయ్యి స్థానం విడిచిందని వాడికి నోటీసు వెళ్ళింది. శనివారం క్షవరం చేయించుకొచ్చిన డ్రైవరును గేటు దగ్గర అరగంట నిలబెట్టారు. వెళ్ళేటప్పుడు ఉన్న జుట్టు తిరిగి రాలేదని అభియోగం.

"జుట్టు తెమ్మంతన్నారు పైడమ్మా," అన్నాడు గేటు కాపలాదారు అప్పలకొండ. "మంగలోడి కాడికి ఎల్లి సంచిలో పట్టుకొచ్చాడు పాపం. అందులో సగం మా మావయ్యది."

ఆ తరువాత విశ్రాంత ఉద్యోగుల వంతు వచ్చింది. పదవీ విరమణ అంటే మాత్రం ఏమిటి, స్థానం విడిచి వెళ్ళడమే కదా! అంచేత రిటైరైనవాళ్ళంతా మర్నాడు ఉదయం సలహాదారులుగా తిరిగి రావలసిందేనన్నారు. పదకొండుమంది వచ్చారు. తోటపని చూసినాయన, టైపు కొట్టినాయన, లైబ్రరీలో దుమ్ము దులిపినాయన, అందరూ కంట్రోలు గదిలో గోడ వారన కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. యంత్రంలో వెలుగు మెరిసినప్పుడల్లా ఎవరో ఒకరు, "నాయనా, ఇప్పుడు వెలిగిందే, అదేమిటి?" అని అడిగేవారు. సలహాదారులు అడిగితే చెప్పి తీరాలని ఉత్తర్వు. డైరెక్టరు పురుషోత్తంగారు మొదటినుంచీ చెప్పేవారు. పదకొండో ఆయనకు అర్థమయ్యేసరికి మొదటాయన భోజనానికి వెళ్ళి, మరచిపోయి తిరిగి వచ్చేవాడు.

వారం తిరిగేసరికి పురుషోత్తంగారి గొంతు పోయింది. యంత్రం సంగతి పట్టించుకునే ఓపిక పోయింది. పైడితల్లి ఆయనకు మిరియాల పాలు ఇస్తూ, కుర్చీల వరస వైపు చూసి, మరుగుతున్న ఎసట్లో పదకొండు చెంబులు అనుకుంది.

నెలాఖరున త్రివిక్రమరావుగారు స్వయంగా యంత్రం చూడటానికి వచ్చారు. నెలవారీ నివేదికలో ఒక వరుస దగ్గర ఆయన వేలు ఆగింది.

"స్థానము విడిచి గోడను తాకిన కణములు నూరు. తిరిగి వచ్చినవి అరవై రెండు." ఆయన కళ్ళజోడు తీశారు. "డైరెక్టరుగారూ, మిగిలిన ముప్పై ఎనిమిది ఎక్కడ?"

పురుషోత్తంగారు బొంగురు గొంతుతో, "గోడలో ఉన్నాయండీ. అదే మాకు కావలసింది. పూత లేని రోజుల్లో నూటికి తొంభై ఎనిమిది వెనక్కి వచ్చేవి. మా పైడితల్లి పూత పూశాక అరవై రెండే వస్తున్నాయి. అందుకే వేడి తొమ్మిది మిల్లీసెకన్లు నిలుస్తోంది" అన్నారు.

"అనగా ఈ అమ్మాయి పూత పూయుటవలన ప్రభుత్వ కణములు ముప్పై ఎనిమిది గల్లంతైనవి."

"గల్లంతు కాలేదండీ, గోడలోనే..."

"తిరిగి వచ్చినవా?"

"రాలేదు."

"తిరిగి రానిది గల్లంతే. పానా విషయమున కూడా ఇట్లే అనిరి."

"వెనక్కి వస్తే చల్లగా వస్తాయండీ! వేడి పోతుంది!"

"వేడి గేటు దాటినదా?"

"లేదు..."

"గేటు దాటనిది నా పరిధిలోనిది కాదు." ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. "కణములు నా పరిధిలోనివి. వెంటనే తిరిగి రప్పించవలెను. గోడకు మెమో ఇవ్వండి."

పదకొండుమంది సలహాదారులూ తలలూపారు. ఏళ్ళ తరబడి చేసిన ఉద్యోగంలో వాళ్ళకు చప్పున అర్థమైన మాట అదొక్కటే.

మొదటి మెమో తపాలాలో వెళ్ళింది. 'శ్రీయుత గోడకు' అని మొదలుపెట్టి, తీసుకున్న కణములు మొదలగునవి ఏడు దినములలో తిరిగి అప్పగించవలెనని హెచ్చరించారు. గోడ బదులివ్వలేదు. రెండో మెమో రిజిస్టరు పోస్టులో వెళ్ళింది. అందినట్టు సంతకం పెట్టడానికి గోడకు చేతులు లేవని పోస్టుమాను వెనక్కి తెచ్చాడు. తిరిగి వచ్చిన తపాలా గనుక త్రివిక్రమరావుగారు దాన్ని చూసి కొంత సంతోషించారు.

మూడో మెమో దగ్గర నిబంధన అడ్డొచ్చింది. చిరునామాదారు రెండుసార్లు జవాబివ్వకపోతే మూడోది వాళ్ళుండే చోట అంటించి రావాలి.

"బయటివైపు అంటిస్తాను సార్," అంది పైడితల్లి. అంత పెద్ద వాక్యం ఆయన ముందు అనడం అదే మొదలు.

"కణములను పుచ్చుకున్నది లోపలివైపు. లోపలనే అంటించవలెను. మైదా జిగురుతో. నాలుగు మూలలా."

పురుషోత్తంగారు బతిమాలారు. యంత్రం తెరిస్తే గాలి దూరుతుందని, వేలిముద్ర పడినా వారం పని పాడవుతుందని, మైదా సంగతి చెప్పనే అక్కర్లేదని గొంతులో మిగిలిన ఆ కాస్త శబ్దంతోనే చెప్పారు. త్రివిక్రమరావుగారు కాంటీనునుంచి గిన్నె తెప్పించారు.

పైడితల్లి తలకు గుడ్డ కట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని, అద్దంలా మెరిసే తన గోడ దగ్గరికి పాకింది. నాలుగేళ్ళలో ఊపిరి గట్టిగా వదలడానికి కూడా జంకిన చోట మైదా రాసింది. కళ్ళ నీళ్ళు గోడ మీద పడకుండా మొహం పక్కకు తిప్పుకుని మెమో అంటించింది. బయటికొచ్చాక అప్పలకొండ సాక్షి సంతకం చేశాడు.

మర్నాడు యంత్రం నడిపారు. ప్లాస్మా వెలిగింది, మెమోకు తగిలింది, ఉఫ్‌మని ఊదిన దీపంలా ఆరిపోయింది. కిటికీ అద్దం మీద నల్లటి మసి పేరుకుంది.

త్రివిక్రమరావుగారు మసిని చాలాసేపు చూశారు. "గోడ సమాధానమిచ్చినది," అన్నారు. "పరిశీలించి చర్య గైకొందము."

తీసుకున్న చర్య ఏమిటంటే లిథియం పూతను నిషేధించడం. పైడితల్లి ఆరు రోజులు గోడ తుడిచింది, మైదా గీకింది, రెండు రోజులు కాల్చింది. పూత మాత్రం పూయనివ్వలేదు. యంత్రం మళ్ళీ నడిచాక నూటికి తొంభై ఎనిమిది కణాలు బుద్ధిగా తిరిగొచ్చాయి. వేడి ఆరు మిల్లీసెకన్లకు పడిపోయింది. అదే రోజు సాయంత్రం కేంద్రానికి 'ఉత్తమ తిరుగురాక' ప్రశంసాపత్రం ఇచ్చి, పదకొండుమంది సలహాదారుల చేత చప్పట్లు కొట్టించారు.

"నాయనా, ఈ పత్రం దేనికి?" అని తోటపని ఆయన అడిగాడు. పురుషోత్తంగారు మొదటినుంచీ చెప్పారు.

సమీక్ష ఐదు రోజుల్లోకి వచ్చింది. టేపు మనుషులు ఈసారి ఏనుగు బొమ్మ తాలూకు కాగితం కూడా పట్టుకొచ్చారు.

మధ్యాహ్నం పైడితల్లి గేటు దగ్గర సైకిల్ స్టాండు గోడకు ఆనుకుని టిఫిను డబ్బా మూత తీసింది, మళ్ళీ పెట్టేసింది.

"ఏటమ్మా, మొకం అలా ఏలాడేసుకున్నావు? తిండి మానేస్తే ఏనుగు బొమ్మ ఎగిరిపోద్దేటి?" అన్నాడు అప్పలకొండ.

"ఎల్లినవన్నీ తిరిగి రావాలంటే ఎలాగ బాబాయ్? కొన్ని ఎల్లిన కాడ ఉంటేనే అందరికీ సుకం."

"ఆ మాట మా బామ్మర్ది గుర్నాధాన్ని సూసి నేర్సుకోవాల. పశువుల ఆసుపత్రిలో బంట్రోతు. ఏడేళ్ళ కితం ఇజీనారం ఎల్లాడు. ఇప్పటి దాకా తిరిగి రానేదు. అడిగినోడు ఒక్కడూ నేడు."

"పారిపోయాడేటి?"

"సీ, పారిపోడమేటి! డిప్టేషనుమీద ఉన్నాడు. డిప్టేషను మీదున్నోడు రాపోయినా ఉన్నట్టేనంట. వొస్తేనే తప్పంట!" అప్పలకొండ నవ్వాడు. "ఆడొస్తే మా చెల్లికీ తప్పే. ఆడు నేకుండా సుకంగా ఉంది."

పైడితల్లి డబ్బా తెరిచి గబగబా నాలుగు ముద్దలు తింది. చెయ్యి కడుక్కుని నేరుగా ఆఫీసుకు వెళ్ళి ఫారం తెచ్చుకుంది. దాన్ని నింపడానికి గంట పట్టింది, త్రివిక్రమరావుగారి గది తలుపు తట్టడానికి ఇంకో అరగంట పట్టింది.

"ఏమిది?" అన్నారాయన.

"డెప్యుటేషను ఫారం సార్."

"ఎవరిని? ఎచటికి?"

"కణాల్ని సార్. గోడకి."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. పైడితల్లి చెవులు ఎర్రబడ్డాయి, గొంతు ఎండిపోయింది. అయినా మాట వచ్చింది.

"తిరిగి రానివి గల్లంతు కింద లెక్క సార్. డెప్యుటేషను మీదుంటే గల్లంతు కాదు సార్. అక్కడున్నా ఇక్కడి సిబ్బందే."

త్రివిక్రమరావుగారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన మొహంలో చాలాకాలానికి తమ భాష మాట్లాడే మనిషి దొరికిన ఆనందం కనబడింది.

"నామధేయములు?"

"అన్నిటిదీ ఒకటే పేరు సార్. హైడ్రోజన్."

"ఇంటిపేర్లు?"

"అంతా ఒకే ఇంటివాళ్ళు సార్."

"సంఖ్య?"

"ఒకటి పక్కన పంతొమ్మిది సున్నాలు సార్."

ఆయన కలం కిందపెట్టి మళ్ళీ తీసుకున్నారు. "ఇంతమందిని ఏకకాలమున డెప్యుటేషనుపై పంపిన అధికారి ఈ దేశమున మరొకరు ఉన్నారా?"

"ఉండరు సార్."

"ఊఁ. స్వీకరించు సంస్థయొక్క అంగీకారము జతపరచలేదు. గోడ ఏమన్నది?"

"ఏమీ అనలేదు సార్. మౌనం అర్ధాంగీకారం."

"అర్ధము చాలదు. పూర్ణాంగీకారము కావలెను."

"మూడు మెమోలు ఇచ్చాం కదా సార్. మొదటి రెండింటికీ మౌనమే. రెండు అర్ధాలు కలిపితే పూర్ణం సార్."

త్రివిక్రమరావుగారు గోడవైపు చూశారు, పంకావైపు చూశారు, చివరికి సంతకం పెట్టబోయి ఆగారు. ముసాయిదా మరీ బోసిగా ఉందనిపించింది కాబోలు, తన చేత్తో తిరిగి రాశారు. "స్థానము విడిచి వెళ్ళి, చల్లబడి, తిరిగి వచ్చు కణములు మొదలగునవి, తదుపరి ఉత్తర్వులు వెలువడువరకు, తాము తాకిన గోడవద్దనే డెప్యుటేషనుపై ఉండవలెను. ఇందుకు వలయు పూత మొదలగునవి అనుమతించడమైనది."

రాస్తుండగా గాలికి కాగితాలు లేచాయి. ఆయన వాటిమీద బరువు పెట్టారు. అది ఇనుప బరువు. పిడికి ఎర్రదారం చుట్టి ఉంది. ఆయన చేరిన రోజున కుర్చీ ఊగుతోందని ఎవరో నట్లు బిగించి అక్కడే వదిలేసి పోయారన్నమాట. పైడితల్లి నోటిదాకా మాట వచ్చింది. సంతకం ఇంకా సగంలో ఉంది. ఆమె నోరు మూసుకుంది. నోట్లో నాలుక లేదన్న పేరు ఆ ఒక్కరోజు అక్కరకొచ్చింది.

ఆ సాయంత్రమే పూత మొదలైంది.

సమీక్ష రోజు పొద్దున్న ఉత్తర్వు నకలు గేటు దగ్గర కూడా అంటించారు. అప్పలకొండ కూడబలుక్కుని రెండుసార్లు చదివాడు. తొమ్మిది గంటలకు సలహాదారులు వచ్చారు. సైకిలు మీద వచ్చినవాళ్ళు స్టాండులో సైకిలు పెట్టి, గోడకు చెయ్యి ఆనించి చెప్పుల్లో ఇసక దులుపుకున్నారు. నడిచి వచ్చినవాళ్ళు ఆ గోడ నీడనే నిలబడి ఆయాసం తీర్చుకున్నారు.

"ఆగండి బాబూ," అన్నాడు అప్పలకొండ. "మీరు ఇక్కడినుంచి ఎల్లిపోయినోళ్ళే కదా?"

"అవును."

"సల్లబడ్డోళ్ళే కదా?"

"పెద్దవాళ్ళం నాయనా, చల్లబడక ఏం చేస్తాం?"

"తిరిగొచ్చారు కదా? గోడ తాకినారు కదా? మరింకేటి! మొదలగునవిలో పడ్డారు. కుర్చీలు ఇక్కడే ఏయిస్తాను, కూకోండి."

ఏళ్ళ తరబడి ఉత్తర్వులు పాటించినవాళ్ళు గనుక కూర్చున్నారు.

కంట్రోలు గదిలో ఆ రోజు ఎవరూ ఏమీ అడగలేదు. పురుషోత్తంగారికి ఆ నిశ్శబ్దం మొదట అలవాటు కాలేదు. ఉలిక్కిపడి వెనక్కి చూశారు. ఎవరికీ మొదటినుంచీ చెప్పనక్కరలేదని తెలిశాక అయస్కాంతాల వైపు తిరిగారు. మొదటిసారి వేడి ఎనిమిది మిల్లీసెకన్లు నిలిచింది. రెండోసారి తొమ్మిది కూడా లేదు. సమీక్షా సంఘం అధ్యక్షురాలు చేతి గడియారం చూసుకున్నారు. కిటికీ అవతల టేపు మనిషి టేపు చప్పుడు చేశాడు.

పురుషోత్తంగారు పైడితల్లి దగ్గరికి వంగి, "గోడ ఎలా ఉందమ్మా?" అని అడిగారు. ఆ గదిలో ఆమెను ఎవరైనా ఏదైనా అడగడం నెల తరువాత అదే మొదలు.

"కొత్తకుండలా ఉంది సార్. గ్యాసే ఎక్కువ వదులుతున్నాం. ఇంకొంచెం తగ్గించొచ్చు."

తగ్గించారు. మూడోసారి వెలిగిన వెలుగు ఆరలేదని అందరికీ అనిపించింది. అనిపించడమే, అయిపోయింది సెకనులోపే. కానీ తెర మీద గీత పది దాటి, పదకొండు మీద వాలింది. పైడితల్లి రెండు చేతులతోనూ నోరు మూసుకుంది.

"అద్భుతం! ఏం మార్చారు?" అన్నారు అధ్యక్షురాలు.

పురుషోత్తంగారు నోరు తెరిచేలోగా త్రివిక్రమరావుగారు లేచి నిలబడ్డారు. "డెప్యుటేషను విధానము," అన్నారు. సంఘం ఆ మాటను నివేదికలో ఎక్కించుకుంది. కిటికీ అవతల టేపు మనుషులు ఏనుగు కాగితం చుట్టి, ఇలాంటి గారె ఇంకెక్కడైనా ఉందా అని అప్పలకొండను అడిగి వెళ్ళిపోయారు.

ఆ నెలాఖరున త్రివిక్రమరావుగారు పదవీ విరమణ చేశారు. పూలదండ వేశారు, శాలువా కప్పారు, జీపులో ఇంటి దగ్గర దించారు. ఆయన ఉత్తర్వు ప్రకారం ఆయనే మర్నాడు తొమ్మిదింటికి చేతిసంచితో తిరిగి వచ్చారు. ఎండకు చెమట పట్టి సైకిల్ స్టాండు గోడకు చెయ్యి ఆనించారు.

అప్పలకొండకు ఆయనతో ఆ మాట అనడానికి ధైర్యం చాలక పైడితల్లిని పిలిచాడు. పైడితల్లి ఫారం తెచ్చి ఇచ్చింది. 'స్వీకరించు సంస్థ' అన్న చోట 'సైకిల్ స్టాండు గోడ' అని రాసి ఉంది.

త్రివిక్రమరావుగారు మొదటినుంచి చివరిదాకా చదివారు. నుదురు ముడిపడింది. "ఇందులో తప్పున్నది," అన్నారు.

పైడితల్లి ఫారంలోకి తొంగి చూసింది.

ఆయన కలం తీసి, తన పేరు పక్కన 'మొదలగువారు' అని చేర్చి, సంతకం పెట్టి, పన్నెండో కుర్చీలో కూర్చున్నారు. తరువాత గుర్తొచ్చినట్టు సంచిలోంచి పంతొమ్మిది నంబరు పానా తీశారు.

"నిన్న గది ఖాళీ చేయుచుండగా బయటపడినది. ఇన్ని నెలలు ఎచట ఉన్నదో, ఎవరు బాధ్యులో సవివరమైన నివేదిక వ్రాయవలెను."

పైడితల్లి పానా అందుకుంది. ఎర్రదారం కాస్త మాసింది.

"అక్కర్లేదు సార్," అంది. "అది కూడా డెప్యుటేషను మీదే ఉంది."

ఆయన తృప్తిగా తలూపారు. పక్క కుర్చీలోని తోటపని ఆయన ముందుకు వంగి, "నాయనా, ఆ అమ్మాయి చేతిలో ఉన్నదేమిటి?" అని అడిగాడు.

త్రివిక్రమరావుగారు గొంతు సవరించుకుని మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టారు.